నాన్నగారికి శుక్లం, ఎడమ కంటి ప్రెషర్ 26. అమ్మకి గేటు ఊచలు వంకరగా కనిపిస్తున్నాయి – ముందు ఎవరిని చూపించాలి?

మద్దిలపాలెం_అబ్బాయి

అందరికీ నమస్కారం. మా కాలనీలో పెట్టిన కంటి శిబిరంలో అమ్మా నాన్నగారూ ఇద్దరూ చూపించుకున్నారు. తెలిసినవాళ్లు సరిగ్గా చెప్పగలరని వివరాలన్నీ రాస్తున్నాను.

నాన్నగారికి 68. షుగర్ 12 ఏళ్లుగా ఉంది, చివరిసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8.2. ఆస్తమాకి ఇన్‌హేలర్, ప్రోస్టేట్‌కి రాత్రిపూట టామ్సులోసిన్ మాత్ర వాడుతున్నారు. చీటీలో రెండు కళ్లకీ శుక్లం గ్రేడు 2 అనీ, కంటి ప్రెషర్ కుడి 18, ఎడమ 26 అనీ రాశారు. గాలి ఊదే మిషనుతో చూశారు. ఆయనేమో "ఆర్నెల్లుగా జోడు లేకుండానే పేపరు చదువుతున్నా, నా చూపు మెరుగైంది" అంటున్నారు. ఇంటికొచ్చినవాళ్లంతా శుక్లం బాగా ముదిరాకే తీయించమంటున్నారు.

అమ్మకి 63. షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటుంది. శిబిరంలో చత్వారం, కొద్దిగా శుక్లం అని జోడు రాసిచ్చారు. కానీ మూడు వారాలుగా ముగ్గు పెడుతుంటే గీతలు మధ్యలో వంగినట్టు, గేటు ఊచలు మెలి తిరిగినట్టు కనిపిస్తున్నాయంటోంది. కుడి కన్ను మూసి చూస్తే అలా ఉంటోంది, ఎడమ కన్ను మూస్తే అంతా మామూలే. కార్తీకం వెళ్లాక చూపించుకుంటానంటోంది.

ముందు ఎవరిని తీసుకెళ్లాలి? 26 అంటే నీటికాసులేనా (గ్లకోమా)? ఆస్తమా ఉన్నవాళ్లకి ఆ చుక్కలమందులు పడతాయా? శుక్లం ముదిరేదాకా ఆగడం మంచిదేనా?

కళ్లపరీక్ష_వాల్తేరు

ముందు అమ్మగారిని. వీలైతే రేపే. కార్తీకం దాటేదాకా ఆగే జబ్బు కాదిది.

చూపు మసకబారడం వేరు, గీత వంగడం వేరు. శుక్లం ఎంత ఉన్నా గేటు ఊచ మసగ్గా కనిపిస్తుంది, రెండుగా కనిపించొచ్చు, అంతేగానీ మెలి తిరగదు. తిన్నటి గీత వంగిందంటే కంటి వెనక పొర అయిన రెటీనా నడిమధ్యన ఉండే మాక్యులా అనే చిన్న చోటులో ఏదో జరిగింది. అది ఉబ్బి ఉండొచ్చు, ముడత పడి ఉండొచ్చు, దానికింద నీరో నెత్తురో చేరి ఉండొచ్చు. అక్షరం చదివేదీ, మొహం పోల్చుకునేదీ, సూదిలో దారం ఎక్కించేదీ ఆ చోటుతోనే. అక్కడ కొత్తగా పుట్టిన రక్తనాళాలు కారుతున్నట్టయితే కొన్ని వారాల్లోనే మచ్చ కడుతుంది. మచ్చ కట్టాక పోయిన చూపు ఏ మందుతోనూ రాదు.

శిబిరంలో ఎందుకు దొరకలేదంటే, అక్కడ చార్టు చదివిస్తారు, టార్చితో కంటిపాప చూస్తారు, శుక్లం ఉన్నవాళ్లని వేరు చేస్తారు. పాప పెద్దదయ్యే చుక్కలు వేసి కంటి వెనకభాగం చూడందే మాక్యులా సంగతి తేలదు. పైగా రెండు కళ్లతో చదివేటప్పుడు మంచి కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. మీ అమ్మగారు ఒక కన్ను మూసి చూసుకోవడమే ఇక్కడ పెద్ద మేలు చేసింది.

ఇవాళ ఇంట్లో ఒక పని చేయండి. పిల్లల లెక్కల నోటుబుక్కులో గళ్ల కాగితం ఒకటి తీసుకుని నడిమధ్యన నల్లటి చుక్క పెట్టండి. అమ్మగారు చదువుకునే జోడు పెట్టుకోవాలి. మంచి వెలుతురులో, కాగితం 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కన్ను అరచేత్తో కప్పుకుని, రెండో కంటితో ఆ చుక్కనే చూడాలి. వేళ్లతో కప్పితే సందుల్లోంచి చూసేస్తారు. గుడ్డు మీద నొక్కితే కాసేపు ఆ కన్ను మసకేస్తుంది, కాబట్టి అరచేయి గుంట మీద ఆనాలి. చుక్క మీదనుంచి చూపు తిప్పకుండా, చుట్టూ గళ్లు ఎక్కడ వంగాయో, ఎక్కడ మాయమయ్యాయో చెబితే మీరు పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. రెండు కళ్లకీ విడివిడి కాగితాలు, పైన తేదీ. ఆ కాగితాలు డాక్టరుకి పనికొస్తాయి. అన్నీ తిన్నగా కనిపించినా సరే, వెళ్లడం మానొద్దు.

ఎక్కడికంటే, మీకు హనుమంతవాక దగ్గరే కాబట్టి ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, విశాఖ నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ప్రైవేటువి ఉన్నాయి. ఏదైనా సరే ముందు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి: ఆ రోజు రెటీనా డాక్టరు ఉంటారా, ఓసీటీ స్కాను (రెటీనా పొరలు చూపించేది) అక్కడే తీస్తారా. "చూపు తగ్గింది" అనొద్దు, ఆ మాటకి మామూలు టోకెనే దొరుకుతుంది. "ఒక కంటికి గీతలు వంకరగా కనిపిస్తున్నాయి, మూడు వారాలైంది" అని ఇవే మాటల్లో చెప్పండి.

పాప పెద్దదయ్యే చుక్కలు వేశాక నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరవి కనిపించవు, ఎండ భరించలేరు. ఆటోలో వెళ్లండి, నల్లకళ్లజోడో గొడుగో దగ్గరుంచుకోండి. మందుల పట్టీలు, ఇప్పుడు వాడుతున్న జోడు, శిబిరం చీటీ తీసుకెళ్లండి.

రెటీనా_డెస్కు

పైన చెప్పినదంతా సరే. వెళ్లాక ఏం జరుగుతుందో చెప్తాను, తెలిస్తే అమ్మగారికి భయం తగ్గుతుంది.

ఓసీటీ నొప్పి లేని స్కాను. గడ్డం ఆనించి లోపల కనిపించే గుర్తుని చూస్తూ కూర్చుంటే చాలు, రెటీనా పొరలు అడ్డంగా కోసినట్టు తెర మీద వస్తాయి. కొన్నిసార్లు చేతి నరానికి రంగుమందు ఎక్కించి ఫొటోలు తీస్తారు. ఒకటి రెండు రోజులు మూత్రం పచ్చగా వస్తుంది, కంగారుపడక్కర్లేదు. కిడ్నీ జబ్బుగానీ, ఏదైనా మందు పడకపోవడంగానీ ఉంటే సూది గుచ్చకముందే చెప్పాలి.

ఆ వయసులో ఎక్కువగా అనుమానించేది మాక్యులా క్షీణత. అందులో పొడిరకం, తడిరకం అని రెండు. పొడిరకంలో రెటీనా కింద పసుపు చుక్కల్లాంటి నిక్షేపాలు చేరి, ఏళ్లమీద నెమ్మదిగా చూపు సన్నగిల్లుతుంది. తడిరకంలో రక్తనాళాలు పుట్టి కారతాయి. గీతలు ఉన్నట్టుండి వంగేది ఇందులోనే. మనవాళ్లలో ఆ నాళాల చివర్లు బుడిపెల్లా ఉబ్బే రకం కూడా తరచుగా కనిపిస్తుంది. అది ఉన్నట్టుండి నెత్తురు కక్కుతుంది. ఇవేవీ కాకుండా మాక్యులాలో రంధ్రమో, పైన పల్చటి పొర కట్టడమో, చిన్న సిర మూసుకుపోవడమో (బీపీ ఉందన్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి) కూడా కావొచ్చు. స్కాను చూశాకే తేలుతుంది.

తడిరకం అయితే వైద్యం కంట్లోకి ఇంజెక్షన్. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ అనేవి ఎక్కువగా వాడే మందులు. మత్తుచుక్కలు వేస్తారు, రెప్పలూ గుడ్డూ 5 శాతం పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారు, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెడతారు. సన్నటి సూదితో, నల్లగుడ్డు అంచునుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి 0.05 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. సూది పని కొన్ని సెకన్లే. ఆ రోజంతా కన్ను గరగరలాడేది సూదివల్లకాదు, అయోడిన్ వల్ల. గుచ్చినచోట ఎర్రటి మరక పదిరోజులుండొచ్చు. మర్నాటిదాకా నల్లటి గుండ్రటి బుడగలు తేలుతూ కనిపించొచ్చు. ఈ మూడూ మామూలే.

మామూలు కానిది వేరే ఉంది: రెండో రోజునుంచి వారం లోపల నొప్పి పెరుగుతూ, ఎరుపు పెరుగుతూ, చూపు పడిపోతుంటే అది లోపల ఇన్‌ఫెక్షన్. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

బెవాసిజుమాబ్ చౌక. అది కేన్సర్ మందుగా తయారై వచ్చే పెద్ద వయల్‌ని చిన్న మోతాదులుగా పంచి కంటికి వాడతారు. పనితనంలో లోటు లేదుగానీ ఆ పంచడం ఎంత శుభ్రంగా జరిగిందన్నదే ప్రాణం. ఎలా పంచుతారని అడగండి, అడిగితే ఎవరూ ఏమనుకోరు. మొదట నెలకొకటి చొప్పున మూడు వేస్తారు. తర్వాత స్కాను చూస్తూ ఎడం పెంచుకుంటూ పోతారు. మూడోదానికి గీతలు తిన్నబడగానే "తగ్గిపోయింది" అని మానేసేవాళ్లు చాలామంది, వాళ్లే ఆరేడు నెలలకి మచ్చతో తిరిగొస్తారు. మొదటి రోజే ఇది దీర్ఘకాలం సాగే వైద్యమని ఇంట్లో అందరికీ తెలియాలి, డబ్బు లెక్క కూడా అలాగే వేసుకోవాలి.

విటమిన్ మాత్రల గురించి ఎలాగూ అడుగుతారు. అమెరికాలో పెద్దఎత్తున పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించిన కూర్పులో విటమిన్ సీ 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 400 యూనిట్లు, ల్యూటీన్ 10, జియాజాంథిన్ 2, జింకు 80, రాగి 2 మిల్లీగ్రాములు ఉంటాయి. పొడిరకం మధ్యస్థాయికి చేరినవాళ్లకీ, ఒక కన్ను ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లకి రెండో కంటికోసమూ పనికొస్తాయి. జబ్బు లేనివాళ్లు ముందుజాగ్రత్తగా మింగితే ఉపయోగమేమీ లేదు. బీటాకెరోటీన్ కలిసినవి పొగతాగేవాళ్లకి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెంచుతాయి, డబ్బా మీద చూసుకోండి. తోటకూర, మునగాకు, గుడ్డు పచ్చసొన మాత్రం ఎవరైనా తినొచ్చు.

పొగ అన్నాను కాబట్టి, ఈ జబ్బుకి మనం మార్చుకోగల కారణాల్లో అన్నిటికంటే పెద్దది పొగాకే. మన తీరంలో అడ్డచుట్ట (నిప్పు కొస నోట్లో పెట్టుకుని) కాల్చే పెద్దమ్మలకి నోటి సంగతి అందరూ చెప్తారు, కంటి సంగతి ఎవరూ చెప్పరు. చెప్పాలి.

నీటికాసులు_ఓపీ

నాన్నగారి సంగతి నేను చెప్తాను.

26 అన్న ఒక్క అంకెతో నీటికాసులు అని తేల్చరు, కాదనీ అనరు. మామూలు హద్దు 10 నుంచి 21 మిల్లీమీటర్ల మెర్క్యురీ. గాలి మిషను వడపోతకి బాగుంటుందిగానీ, ఊపిరి బిగబట్టినా, రెప్పలు బిగించినా, కాలరు గుండీ గట్టిగా ఉన్నా ఎక్కువ చూపిస్తుంది. స్లిట్‌ల్యాంపు అనే కంటి మైక్రోస్కోపుకి బిగించిన గోల్డ్‌మన్ టోనోమీటరుతో మళ్లీ చూడాలి. నల్లగుడ్డు మందం కొలవాలి. పల్చటి గుడ్డు ఉన్నవాళ్లకి అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గోనియోస్కోపీ అని చిన్న అద్దం కంటికి ఆనించి నీరు బయటికిపోయే మూల తెరిచి ఉందా, ఇరుగ్గా ఉందా అని చూస్తారు. చాలాచోట్ల దీన్నే వదిలేస్తుంటారు, అడిగి చేయించుకోండి. తర్వాత కంటినరం పరీక్ష, నరం పొరకి ఓసీటీ, పక్కచూపు కొలిచే ఫీల్డ్ టెస్టు.

లోపల జరిగేది ఇదీ. కంట్లో నీరు ఒకపక్క ఊరుతూ, ముందుభాగపు మూలలో ఉన్న జల్లెడలాంటి చోటునుంచి బయటికి పోతూ ఉంటుంది. జల్లెడ బిగుసుకుంటే ప్రెషర్ పెరిగి, నరంలోని పోగులు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. మొదట పోయేది పక్కచూపు, అదీ ముక్కలు ముక్కలుగా. ఆ ఖాళీల్ని మెదడు పూడ్చేస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. చార్టులో ఆఖరి వరుస చదివేస్తూనే నరం సగం పైగా పోయినవాళ్లుంటారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అందుకే "నాకేం కాలేదు" అన్న నాన్నగారి మాట మీద ఆధారపడకండి.

మూల ఇరుకైన రకం దీనికి భిన్నంగా ఒక్కసారే విరుచుకుపడొచ్చు. ముదిరే శుక్లం లెన్సుని లావు చేసి కంటిపాప చుట్టూ ఉన్న తెరని ముందుకి నెట్టడం అందుకొక కారణం. సాయంత్రం చీకటిపడుతుండగా ఒకవైపు తలనొప్పి, కన్ను ఎర్రబడి రాయిలా గట్టిపడటం, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు. వాంతుల్ని చూసి గ్యాసనో, తలనొప్పిని చూసి పార్శ్వపునొప్పనో మందులిచ్చి పడుకోబెడితే తెల్లారేసరికి చూపు పోవచ్చు. ఇరుకు ముందే తెలిస్తే లేజరుతో చిన్న రంధ్రం చేసి నీటికి దారి పెడతారు, కొన్ని నిమిషాల పని.

ఆస్తమా మాట మీరే అడగడం చాలా మంచిదైంది. నీటికాసులకి వాడే టిమోలోల్ చుక్కలు ఆయనకి వద్దు. కంటి చుక్క ముక్కులోకి దిగి నెత్తుర్లో కలుస్తుంది, ఊపిరిగొట్టాలు బిగుసుకుని ఆస్తమా ఎగదన్నుతుంది. గుండె కొట్టుకోవడమూ నెమ్మదిస్తుంది. పేచీ ఏమిటంటే చాలా జంటమందుల్లో టిమోలోల్ రెండో మందుగా దాక్కుని ఉంటుంది. బ్రాండు పేరు చూసి లాభం లేదు, పెట్టె మీద కూర్పు చదవండి. లటానోప్రోస్ట్ లాంటివి ఆస్తమావాళ్లకి సాధారణంగా పడతాయి, రాత్రికొక చుక్క చాలు. ఆస్తమా ఎక్కువైనప్పుడు ఆయన స్టెరాయిడ్ మాత్రలు ఎన్నిసార్లు మింగారో కూడా రాసి తీసుకెళ్లండి. స్టెరాయిడ్ శుక్లాన్నీ తెస్తుంది, ప్రెషర్నీ పెంచుతుంది.

నీటికాసులని తేలితే, 40 దాటిన ఆయన తమ్ముళ్లూ అక్కచెల్లెళ్లూ కూడా పరీక్ష చేయించుకోవాలి. మీరు కూడానండి.

ఆపరేషన్‌థియేటర్_సిస్టర్

శుక్లం గురించి. ముదిరేదాకా ఆగమనేది పాతకాలం నాటి మాట. అప్పట్లో లెన్సు మొత్తం బయటికి తీసి దళసరి జోడు పెట్టేవారు కాబట్టి ఆగడంలో అర్థముండేది. ఇప్పుడు ఫేకోలో రెండున్నర మిల్లీమీటర్ల గాటులోంచి అల్ట్రాసౌండ్‌తో లెన్సుని పొడిచేసి పీల్చి, మడతపెట్టిన కృత్రిమ లెన్సు లోపలికి జారవిడుస్తారు. శుక్లం ఎంత ముదిరితే అంత రాయవుతుంది, అంత శక్తి వాడాలి, ఆ వేడికీ తాకిడికీ నల్లగుడ్డు లోపలి కణాలు చచ్చిపోతాయి. అవి మళ్లీ పుట్టవు. మరీ గట్టిపడినవాటికి ఆరు మిల్లీమీటర్ల గాటు పెట్టి లెన్సుని ఒకే ముక్కగా తీస్తారు. అది కూడా మంచి ఆపరేషనే, కాకపోతే మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. పూర్తిగా తెల్లబడేదాకా వదిలేస్తే లెన్సు ఉబ్బో, లోపల కారో ప్రెషర్ పెంచేస్తుంది. అలాగని చీటీలో శుక్లం అని రాసినంత మాత్రాన పరుగెత్తనక్కర్లేదు. ఎదురొచ్చే బండి లైట్లు చెదరడం, బస్సు బోర్డు కనపడకపోవడం, మెట్లు దిగడానికి తడబడటం మొదలైతే అదే సమయం.

నాన్నగారు జోడు లేకుండా పేపరు చదవడం శుభవార్త కాదు. లెన్సు నడిభాగం గట్టిపడుతుంటే కంటికి మైనస్ పవరు వస్తుంది, దగ్గరవి తేటపడి దూరానివి మసకేస్తాయి. అదీ కొన్నాళ్లే.

టామ్సులోసిన్ సంగతి సర్జనుకి తప్పకుండా చెప్పాలి. ఆ మాత్ర వాడేవాళ్లకి ఆపరేషన్ మధ్యలో కంటిపాప చుట్టూ ఉన్న తెర మెత్తబడి అల్లాడి, గాటులోంచి బయటికొస్తుంది, పాప ముడుచుకుపోతుంది. నాలుగు రోజుల ముందు మానేసినా ఆ గుణం పోదు, కాబట్టి సొంతంగా మానెయ్యొద్దు. ముందే తెలిస్తే సర్జను కంట్లోకి మందు ఎక్కించో, పాపని పట్టి ఉంచే కొక్కేలు పెట్టో జాగ్రత్తపడతారు. తెలియకపోతేనే చిక్కు.

లెన్సు ఎంచుకునేటప్పుడు ఖరీదైనదే మంచిదనుకోకండి. దూరం, దగ్గర రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్సు వెలుగుని పంచేస్తుంది. నరమో మాక్యులానో దెబ్బతిన్న కంటికి అసలే వెలుగు భేదం తెలియదు, దాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఆయనకి ఒక్క దూరానికే పనికొచ్చే మామూలు మోనోఫోకల్ పెట్టించి చదవడానికి జోడు వాడటమే మేలు. ప్రభుత్వ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచీ ఉంది, ప్రభుత్వాసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్, మామూలు లెన్సు ఉచితం.

ఒక మాట ఈ చర్చలో లేకపోయినా చెప్పాలి. నందివర్ధనం పూలు చలవని కళ్లమీద పెట్టుకుంటారు, రసం పిండుకునేవాళ్లు, ఆముదమో తేనో వేసుకునేవాళ్లు ఉన్నారు. శుక్లం చుక్కలతో కరగదు, ఆయుర్వేదం పేరు పెట్టి అమ్మినా కరగదు. ఆకు రసాల్లో ఉండే బూజుతో నల్లగుడ్డు మీద పుండు లేస్తే తెల్లమచ్చ మిగులుతుంది, అప్పుడు శుక్లం తీసినా ఉపయోగముండదు.

మద్దిలపాలెం_అబ్బాయి

అందరికీ ధన్యవాదాలు. ఇద్దరినీ తీసుకెళ్లాను. అమ్మ ఎడమ కంటికి తడిరకం అన్నారు, మచ్చ ఇంకా కట్టలేదట, సోమవారం మొదటి ఇంజెక్షన్. నాన్నగారికి గోల్డ్‌మన్‌తో కుడి 17, ఎడమ 24, నల్లగుడ్డు మందం ఎడమ 510 మైక్రాన్లు, మూల తెరిచే ఉంది. ఎడమ నరం గుంత 0.7 (నరం మొత్తం వెడల్పుతో పోల్చి చెప్పే కొలత), అడుగు అంచు పల్చబడిందట, ఫీల్డ్ టెస్టులో పైభాగాన విల్లులా నల్లగా వచ్చింది. లటానోప్రోస్ట్ రాశారు. షుగర్ వల్ల రెటీనాలో చిన్న చుక్కలున్నాయిగానీ మాక్యులాలో వాపు లేదన్నారు.

నాన్నగారు చుక్క వేసుకున్నా సగం చెంప మీదే ఉంటోంది. ఇంకా, అమ్మ సోమవారం ఉపవాసం ఉంటుంది, ఇంజెక్షన్‌కి ఇబ్బందా? ఈ నెల సముద్రస్నానం కూడా ఉంది.

నీటికాసులు_ఓపీ

510 అంటే కాస్త పల్చనే, అంటే 24 అని వచ్చినా అసలు ఇంకొంచెం ఎక్కువే అనుకోవాలి. అడుగు అంచు పల్చబడటం, పైన విల్లు రావడం ఒకదానికొకటి సరిపోయాయి, కాబట్టి ఇది అంకెల పొరపాటు కాదు. పోయిన భాగం తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టడమే చుక్కల పని. "వేసుకున్నా తేడా తెలియట్లేదు" అని ఆయన మూడో నెలలో అంటారు. తేడా తెలియకుండా ఉండటమే కావాల్సింది, అది ఇప్పుడే చెప్పి ఉంచండి.

చుక్క వేసే పద్ధతి: చేతులు కడుక్కుని పడుకోబెట్టండి, కూర్చోబెట్టి తల ఎత్తించడం కంటే తేలిక. కిందిరెప్ప లాగితే సంచిలా అవుతుంది, అందులో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కళ్లు మెల్లగా మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలలో వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. కొట్టుకునేలా రెప్పలాడిస్తే మందంతా బయటికొచ్చేస్తుంది. రెండో చుక్క వేస్తే ఎక్కువ పని చేయదు, కంట్లో పట్టేది ఒక్క చుక్కే. వేరే మందు కూడా ఉంటే ఐదు నిమిషాల ఎడం. రాత్రి అన్నం తిన్నాక అని ఒక వేళకి ముడిపెట్టండి. కనురెప్పల వెంట్రుకలు కాస్త పొడుగవుతాయి, రెప్ప నల్లబడొచ్చు, చెంప మీద కారింది తుడిచేయాలి.

శుక్లం ఆపరేషన్ అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు స్టెరాయిడ్ చుక్కలు తగ్గించుకుంటూ వాడతారు. నీటికాసులు ఉన్నవాళ్లకి వాటితో ప్రెషర్ ఎగరొచ్చు. ఒకటి రెండు వారాలకే ప్రెషర్ చూపించండి. లటానోప్రోస్ట్ ఆపాలా, కొనసాగించాలా అన్నది ఆ సర్జనూ మీ డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత మాక్యులా వాపు భయం ఉంటుంది కాబట్టి అడగాల్సిన ప్రశ్నే.

సీతమ్మధార_మందులషాపు

లటానోప్రోస్ట్ చాలా బ్రాండ్లు తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. షాపువాళ్లు ఫ్రిజ్‌లోంచి తీసిస్తున్నారో లేదో చూడండి, అలమరలోంచి తీస్తే తీసుకోకండి. గది వేడికి తట్టుకునే రకాలూ ఉన్నాయి, పెట్టె మీద రాసి ఉంటుంది. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. నాలుగు వారాలు దాటాక మిగిలినా పారెయ్యాలి. రెండున్నర మిల్లీలీటర్ల సీసా ఒక కంటికి నెల పైనే వస్తుంది, పదిహేను రోజులకే అయిపోతుంటే చుక్కలు చెంపకి పోతున్నట్టు లెక్క. కన్ను ఎర్రబడిందని చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఎవరిచ్చినా కొనొద్దు.

రెటీనా_డెస్కు

మచ్చ కట్టకముందే వెళ్లారు, చాలా సంతోషం.

ఈ ఇంజెక్షన్‌కి ఖాళీ కడుపు అక్కర్లేదు, ఉపవాసం అడ్డూ కాదు. కానీ నీరసంతో, భయంతో కళ్లు తిరగొచ్చు, పాలో పండో తీసుకుని రమ్మనండి. బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకుని తీరాలి. ఉపవాసమని మాత్ర మానేసి వస్తే బీపీ ఎక్కువుందని ఆ రోజు ఇంజెక్షన్ వాయిదా వేస్తారు. రెండు మూడు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే ముందే చెప్పాలి, ఆవిడకి లేదనే అనుకుంటున్నాను. కన్ను ఎర్రగా ఉన్నా, పుసులు కడుతున్నా, కురుపు లేచినా ఆ రోజు వేయరు.

తలస్నానం పొద్దున్నే చేసి రమ్మనండి. ఇంజెక్షన్ తర్వాత మూడు రోజులు తలమీంచి నీళ్లొద్దు, మొహం తడిగుడ్డతో తుడుచుకోవాలి, కాటుక పెట్టొద్దు. సముద్రస్నానం కనీసం వారం ఆగాలి. ఒడ్డున ఇసుక ఎగిరి కంట్లో పడితే చేత్తో నలుపుతారు, భయం అందుకే. పౌర్ణమి ఆ వారంలోనే పడితే తీరాన నిలబడి పాదాలు తడుపుకుని, నీళ్లు తలమీద చల్లుకోకుండా దణ్ణం పెట్టుకుని వచ్చేయమనండి. దీపాల పొగ కంటికి కొట్టకుండా గాలి వచ్చేవైపు నిలబడితే చాలు.

రెండో ఇంజెక్షన్ తేదీ సోమవారమే రాయించుకుని రండి. కుడి కన్నుకి గళ్ల కాగితం వారానికి రెండుసార్లు, ముగ్గు వేశాక వేళ పెట్టుకోమనండి. ఆ కంట్లో ఒక్క గీత వంగినా మర్నాడే ఫోన్ చేయాలి.